ప్లాంటేషన్ నాటి వంటల నోటుబుక్‌లో ఇంటిపేరు లేని ఒక పేరు, ఆవిడ ఎవరై ఉంటారు?

గోదారి_టు_కొలంబియా:
అందరికీ నమస్తే అండి. మేం సౌత్ కరొలినాలో కొలంబియాకి వచ్చి నాలుగేళ్ళయింది. మా పక్కింటావిడకి ఎనభై దాటాయి, నన్ను సొంత మనిషిలా చూస్తారు. వాళ్ళ పూర్వీకులకి చార్ల్‌స్టన్ దగ్గర వరి ప్లాంటేషన్, అంటే పెద్ద సాగు ఎస్టేటు, ఉండేదట. మొన్న అటక సర్దుతుంటే సాయానికి వెళ్ళా, అప్పుడు వాళ్ళ తాతమ్మ గారు చేత్తో రాసుకున్న వంటల నోటుబుక్ బయటపడింది. తెల్లవాళ్ళ వంటలు కదా, అన్నీ కేకులూ రోస్టులే ఉంటాయనుకుని తెరిచా. చూస్తే బెండకాయ పులుసు, వేరుశనగపప్పు సూపు, నువ్వుల బిళ్ళలు, అలసందలు వేసి వండిన అన్నం, బియ్యప్పిండి రొట్టెలు! మా అమ్మమ్మ డబ్బాల్లో ఉండే సరుకంతా అక్కడే ఉంది, నాకు నోట మాట రాలేదు.

ఇంకో విషయం, అదే నన్ను పట్టుకుంది. నాలుగైదు వంటల పక్కన ఒక ఆడమనిషి పేరు రాసి ఉంది, ఒట్టి పేరే, ఇంటిపేరు లేదు, "ఫలానా ఆమె చేసినట్టు" అని. ఎవరండీ ఈవిడ అంటే పక్కింటావిడ "మా వాళ్ళ వంటమనిషి అనుకుంటా" అని మాట మార్చేశారు. అసలు ఈ వంటలు ఎవరివి? ఆ పేరు గురించి ఇంకేమైనా తెలుసుకునే దారి ఉందా? జనవరి 1న మా వీధిలో పాట్‌లక్ (తలా ఒక వంటకం తెచ్చుకునే విందు) ఉంది, ఆ అలసందల అన్నం (హాపిన్ జాన్ అంటారు) నేనే తెస్తానని మాటిచ్చేశా, కానీ ఆ పేజీలో సిరా పోయి కొలతలు కనపడట్లేదు. పోర్క్ మా ఇంట్లో తినరు. దయచేసి తెలిసినవాళ్ళు చెప్పండి.

రిచ్‌మండ్_మాస్టారు:
అమ్మా, మీరు చూసింది చాలా విలువైన నోటుబుక్, ముందు ప్రతి పేజీ ఫోటో తీయించండి. ఆ పేరు బానిసగా ఉన్న వంటామెదే అయ్యుంటుంది. ఆ ఇళ్ళల్లో రాసింది యజమానురాలు, వండింది ఈమె. చాలా రాష్ట్రాల్లో బానిసలకి చదువు నేర్పడమే నేరం, సౌత్ కరొలినాలో రాయడం నేర్పకూడదని 1740లోనే చట్టం చేశారు, అందుకని ఆమె చేతిలో ఉన్న విద్య ఇంకొకరి చేతిరాతలో మిగిలింది. తాతమ్మ గారు కనీసం పేరు రాశారు, అచ్చయిన పుస్తకాల్లో అది కూడా ఉండదు.

మా వర్జీనియాకి చెందిన మేరీ రాండాల్ఫ్ అనే ఆవిడ 1824లో వంటల పుస్తకం వేసింది, దాంట్లో బెండకాయ వంటలున్నాయి, మనకి ఆశ్చర్యమేంటంటే కూరపొడి కూడా ఉంది. పసుపు, ధనియాలు, జీలకర్ర, శొంఠి, జాజికాయ, జాపత్రి, మిరప్పొడి తలా ఒక ఔన్సు తీసుకుని దంచి జల్లెడ పట్టి సీసాలో బిగించమంటుంది. 200 ఏళ్ళ కిందట! దంచిన చెయ్యి ఎవరిదో చెప్పక్కర్లేదు.

జేమ్స్ హెమింగ్స్ సంగతి తప్పకుండా చదవండి. తర్వాత అమెరికా ప్రెసిడెంట్ అయిన థామస్ జెఫర్సన్ 1784లో పారిస్ వెళ్తూ, తన దగ్గర బానిసగా ఉన్న ఆ కుర్రాణ్ణి తీసుకెళ్ళి ఫ్రెంచి వంట నేర్పించాడు. తిరిగొచ్చాక స్వేచ్ఛ కావాలంటే నీ విద్య ఇంకొకరికి నేర్పి వెళ్ళు అని షరతు పెట్టాడు, పాపం తమ్ముడు పీటర్‌కి నేర్పి 1796లో బయటపడ్డాడు, తమ్ముడు మాత్రం అక్కడే ఉండిపోయాడు. వెళ్ళేముందు వంటింట్లో సామాన్ల లిస్టు తన చేత్తో రాసి పెట్టాడు, ఆ కాగితం ఇప్పటికీ ఉంది. ఆ లిస్టు ఫోటో చూసినప్పుడల్లా నాకు కళ్ళు చెమరుస్తాయి, ప్రతి గిన్నె లెక్క అప్పజెప్పి మరీ వెళ్ళాడు.

పేరు వెతకడానికి: 1850, 1860 బానిసల జనాభా లెక్కల్లో వాళ్ళ పేర్లు రాయలేదు, యజమాని పేరు కింద వయసు, ఆడ మగ, రంగు అంతే. బానిసత్వం రద్దయ్యాక, 1870 లెక్కల్లోనే మొదటిసారి అందరికీ పేరూ ఇంటిపేరూ వచ్చాయి. ఆ కౌంటీలో ఆ పేరున్న వాళ్ళని 1870లో చూడండి. ఇంకోటి, ప్లాంటేషన్ యజమాని చనిపోయినప్పుడు ఆస్తి జాబితా రాసేవారు, దాంట్లో మనుషుల పేర్లు కూడా ఉంటాయి. పక్కింటావిడ కుటుంబంలో ఎవరి దగ్గరైనా ఉందేమో నెమ్మదిగా అడగండి.

అట్లాంటా_కరీంనగర్:
అక్కా, మాస్టారు మంచిగ చెప్పిండ్రు, నేను వరి గురించి చెప్త. చార్ల్‌స్టన్ దిక్కు ఆ పెద్ద పెద్ద బంగ్లాలు వరి పైసలతోనే కట్టిండ్రు, ఆ వరి పండించుడు ఎట్లనో బాగా తెలిసినోళ్ళు పశ్చిమ ఆఫ్రికా మనుషులు, సెనెగల్ గాంబియా సియెర్రా లియోన్ దిక్కు తరతరాలుగ వరి పండించినోళ్ళు, వాళ్ళనే ఓడల్ల తెచ్చిండ్రు. వడ్లు దంచుడు రోలు రోకలితోనే, చెరుగుడు చాటతోనే, ఆ చాటలు గడ్డితో గుండ్రంగ అల్లుతరు, చార్ల్‌స్టన్ మార్కెట్ల ఇప్పటికీ వాళ్ళ వారసులు అసుంటి బుట్టలు అల్లి అమ్ముతుంటరు, పోయినప్పుడు కొనుండ్రి. నిండు గింజ బియ్యం ఓడలెక్కి యూరప్ పోయేది, నూకలు మిగిలేవి, దంచినోళ్ళకు ఆ నూకలే. మా నానమ్మ కూడ వడ్లు దంచ కూలికి పోయి నూకలు తెచ్చుకున్న మనిషి, అందుకే గిది చదివినప్పుడు నాకు మస్తు బాధ అనిపించింది, కాని మా నానమ్మ సాయంత్రానికి తన ఇంటికి తను వచ్చేది, అది మర్చిపోవద్దు, రెండిటికీ పోలిక లేదు.

పేర్ల సంగతి కూడ. బెండకాయ పులుసును గంబో అంటరు గదా, ఆఫ్రికా భాషల బెండకాయ పేరే అది. నువ్వుల్ని చార్ల్‌స్టన్ల బెన్నే అంటరు, అదీ అక్కడి మాటనే. పల్లీని ఇక్కడ గూబర్ అని కూడ అంటరు, అది కాంగో దిక్కు మాట. మనిషి ఇంటిపేరు పోయింది గని గింజ పేరు పోలే.

పెద్ద బంగ్లాల ఎట్ల తిన్నరో చెప్పేటోళ్ళు శానామంది ఉన్నరు, వండినోళ్ళు ఏం తిన్నరో అది కూడ చూడాలె. ఫ్రెడరిక్ డగ్లస్ తను బానిసగ ఉన్నప్పటి లెక్క రాసిండు, పెద్దమనిషికి నెలకు 8 పౌండ్ల పంది మాంసం, కాదంటే అంత చేప, ఒక బుషెల్ (గింజలు కొలిచే పెద్ద కొలత) మక్కపిండి. గంతే. పొద్దంత పని చేసి, రాత్రి తమ పెరట్ల అలసందలు, బెండ, ఆకుకూర పెట్టుకుని కడుపు నింపుకున్నరు. లూసియానాల విట్నీ ప్లాంటేషన్ అని 2014ల మ్యూజియం తెరిచిండ్రు, అది బానిసల కోసం పెట్టిన మ్యూజియం, గోడల మీద వాళ్ళ పేర్లు చెక్కిండ్రు. వంటిల్లు బంగ్లాకు దూరంగ వేరేగ ఉంటది, నిప్పు భయం, వేడి. జూలైల పోయినం మేము, బయట నిలబడితేనే చెమట కారుతుంటే ఆ పొయ్యి ముంగట దినమంత నిలబడ్డ మనిషిని తలుచుకున్న.

వంటింటి_సుజాత:
నేను వంట వరకు చెప్తానండి, ఛార్లెట్‌లో ఉంటాం, ప్రతి జనవరి 1కి చేస్తా. 1847లో చార్ల్‌స్టన్‌లో అచ్చయిన పుస్తకంలో కొలత ఇది: ఒక పైంటు (రెండు కప్పులు) ఎర్ర అలసందలు, ఒక పైంటు బియ్యం, ఒక పౌండు బేకన్ (ఉప్పుపట్టిన పంది మాంసం). అలసందలకి ముందు ఒక క్వార్టు (నాలుగు కప్పులు) నీళ్ళు పోసి ఉడికించాలి, సగం ఉడికాక బేకన్, పూర్తిగా మెత్తబడ్డాక బియ్యం. బియ్యం అరగంట ఉడికాక కుండ దించి నిప్పుల మీద మగ్గపెట్టమని ఉంది. ఉప్పు, మిరియాలు, ఇష్టమైతే ఒక పుదీనా రెమ్మ.

ఇప్పటి బియ్యానికి అరగంట ఎక్కువ, నేను పదిహేను నిమిషాలకే మంట తగ్గించేస్తా. బేకన్ బదులు ఇక్కడ చాలామంది స్మోక్ చేసిన టర్కీ ముక్క వేస్తారు, అదీ వద్దంటే ఉల్లిపాయ బాగా ఎర్రగా వేయించి కాస్త స్మోక్డ్ పాప్రికా వేయండి. ప్రెషర్ కుక్కర్ మాత్రం వద్దండి, అలసందలు చితికిపోతాయి, నీళ్ళన్నీ బురదలా అయిపోతాయి, గింజ గింజగా ఉండాలి. దొరికితే కరొలినా గోల్డ్ బియ్యం తెచ్చుకోండి, ఆ రకం దాదాపు కనపడకుండా పోతే 1980ల్లో మళ్ళీ విత్తనం తెచ్చి పండించారు. విడిగా అన్నం వండటంలో చార్ల్‌స్టన్ పద్ధతి మనకి బాగా తెలిసిందే, ఎక్కువ నీళ్ళల్లో ఉడికించి, గంజి వార్చి, మూత పెట్టి సన్న సెగ మీద మగ్గనివ్వడం. అత్తెసరు కాదు.

గోదారి_టు_కొలంబియా:
మీ అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలీట్లేదు. మాస్టారు గారూ, మీరు చెప్పినట్టే నెమ్మదిగా అడిగా. పక్కింటావిడ రెండు రోజులు ఏం మాట్లాడలేదు, నేను తప్పు చేశానేమో అని నిద్ర పట్టలేదు. మూడోరోజు వాళ్ళ కజిన్ దగ్గర్నుంచి ఆస్తి జాబితా కాపీ తెప్పించి, నా వంటింట్లోనే కూర్చుని తెరిచారు. పైన రాగి కళాయిలు, కింద కంచరగాడిదలు, మధ్యలో ఆ పేరు. వయసు, "వంట" అని ఒక మాట, పక్కన డాలర్లలో ధర. కింద వరసలో ఇంకో ఇద్దరు పిల్లల పేర్లు, వాళ్ళకీ ధరలు. ఆవిడ కళ్ళజోడు తీసేసి చాలాసేపు కూర్చుండిపోయారు. నేనూ ఏం మాట్లాడలేకపోయా, టీ పెట్టిచ్చా.

తర్వాత ఆవిడే అన్నారు, ఆ పిల్లల పేర్లతో 1870 లెక్కల్లో వెతుకుదాం, లైబ్రరీకి నన్ను కార్లో తీసుకెళ్ళు అని. వచ్చే మంగళవారం వెళ్తున్నాం. పాట్‌లక్‌లో గిన్నె ముందు పెట్టే కార్డు మీద వంటకం పేరు కింద ఆమె పేరు రాస్తున్నాం, అక్షరాలు ఆవిడే రాస్తానన్నారు. సుజాత గారూ, ఎర్ర అలసందలు ఇండియన్ స్టోర్లో దొరికేవి పర్లేదా? ముందురోజు రాత్రి నానబెట్టాలా?

వంటింటి_సుజాత:
పర్లేదండి, చిన్న గింజవి చూసి తీసుకోండి. రాత్రి నానబెట్టండి, నానిన నీళ్ళు పారబోసి మంచినీళ్ళు పోసుకోండి. ముప్పై మందికి అయితే ఒకే గిన్నెలో వద్దు, రెండు గిన్నెల్లో వండండి, అడుగున మాడదు. మంగళవారం లైబ్రరీలో ఏం దొరికిందో తప్పకుండా ఇక్కడ రాయండి.