సీడీ4 యాంటీబాడీ ఎంత వేయాలి: 0.06 మైక్రోగ్రామా, 0.125నా?

నల్గొండలో రక్తం నుంచి లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) వేరుచేసి, వాటి మీది సీడీ4 ప్రోటీన్‌కు అంటుకునే యాంటీబాడీతో స్టెయిన్ చేసి, 1 శాతం పారాఫార్మాల్డిహైడ్‌తో ఫిక్స్ చేసి ఐస్‌బాక్స్‌లో హైదరాబాద్ పంపిస్తున్నాం. ఇక్కడ ఫ్లో సైటోమీటర్ (ఒక్కో కణం మెరుపును కొలిచే యంత్రం) లేదు, రీడింగ్ మర్నాడే. పైగా ఈ ఎండలు!

సీడీ4 ఎఫ్ఐటీసీకి (ఆకుపచ్చగా మెరిసే రంగు తగిలించిన యాంటీబాడీ) కంపెనీ చెప్పిన మోతాదులో నెగటివ్ పీక్, అంటే సీడీ4 లేని కణాల గుంపు, బాగా కుడివైపు (ఎక్కువ మెరుపు వైపు) జరుగుతోంది. యాంటీబాడీ వేరేచోట అంటుకోకుండా ఎఫ్‌సీ బ్లాక్ వేశాం, వాష్ పెంచాం, చనిపోయిన కణాలను ఫిక్సబుల్ డైతో గుర్తించి లెక్కలోంచి తీసేశాం. పెద్దగా మారలేదు.

అందుకే టైట్రేషన్ (రకరకాల మోతాదులు వేసి పోల్చడం) చేశాం. 100 మైక్రోలీటర్లలో 10 లక్షల కణాలు, 4 డిగ్రీల దగ్గర చీకట్లో 30 నిమిషాలు. 1 మైక్రోగ్రామ్‌తో మొదలుపెట్టి సగం సగం తగ్గించుకుంటూ పోయాం. 0.125 వరకు పాజిటివ్ పీక్ దాదాపు కదల్లేదు, నెగటివ్ మాత్రం దిగుతూ వచ్చింది. స్టెయిన్ ఇండెక్స్ (పాజిటివ్, నెగటివ్ ఎంత బాగా విడిపోయాయో చెప్పే అంకె) అన్నిటికన్నా ఎక్కువ వచ్చింది 0.06 దగ్గర. కానీ అక్కడ పాజిటివ్ మీడియన్ పడిపోయింది, పాజిటివ్ శాతం కూడా 38 నుంచి 34కి తగ్గింది. అసలు టెన్షన్ అదే. కొన్ని శాంపిళ్లలో కణాలు 20 లక్షల దాకా ఉంటాయి, అప్పుడు 0.06 చాలకపోవచ్చు.

ఇలా ఫిక్స్ చేసి మర్నాడు చదివే శాంపిళ్లకు స్టెయిన్ ఇండెక్స్ ఎక్కువున్న 0.06 తీసుకోవాలా, లేక శాతం తగ్గని 0.125 దగ్గర ఆగాలా?