చేపని "సేప" అని చదివితే తప్పు కొట్టాలా? (ఒకటో తరగతి)

చీపురుపల్లి ఎస్జీటీ (ప్రాథమిక బడి టీచర్):
ఒకటో తరగతి పిల్ల పుస్తకంలో "చేప" చూసి "సేప" అని చదివింది. మాట అర్థమైంది, బొమ్మ మీద వేలు కూడా పెట్టింది. అక్కడికక్కడే ఆపి దిద్దాలా, వదిలేయాలా? చుట్టుపక్కల బళ్ల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగుల్లో ఈ మాట ఎప్పటికీ తెగడం లేదు.

రాజాం టీచర్:
దిద్దాల్సిందే. నోట "సేప" అనుకున్న పిల్ల డిక్టేషన్‌లోనూ "సేప" అనే రాస్తుంది. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు రావాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ ప్రకారం రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు తప్పుల్లేకుండా చదవాలి. పరీక్షించడానికి వచ్చినాయన మన ఉత్తరాంధ్ర యాస చూసి సర్దుకుంటాడా?

టెక్కలి తెలుగు మాస్టారు:
మేడం, డిక్టేషన్ గురించి మీరన్నది నిజం. మందు మాత్రం వేరే.

ముందు అది యాసో, అక్షరం రాకపోవడమో తేల్చాలి. చ కార్డులు 5, స కార్డులు 5 కలిపేసి ఒక్కొక్కటీ చూపించండి. విడిగా తేడా చూపించి పలికి, మాటలో మాత్రం "సేప" అంటే ఆ పిల్లకి చదవడం వచ్చినట్టే, అది ఇంటి పలుకు. అన్నిటికీ "స" అంటే అక్షరమే కుదరలేదు, మళ్లీ నేర్పాలి.

అందరి ముందూ ఆపి "సేప కాదు, చేప" అనిపిస్తూ పోతే కొన్నాళ్లకి "సంత"ని "చంత" అని, "సబ్బు"ని "చబ్బు" అని చదువుతారు. అంతవరకూ బాగున్న స కూడా పాడవుతుంది. పైగా పుస్తకాల తెలుగులోనే చ కి రెండు పలుకులున్నాయి: చలిలో ఒకటి, చేపలో ఒకటి.

అసలు చిక్కు బొమ్మల దగ్గరుంది. చ పక్కన చేప, స పక్కన సబ్బు పెడతాం. మన పిల్లల నోట రెండూ "స"తోనే మొదలవుతాయి, ఇక ఆ బొమ్మ చ ని ఏం గుర్తుచేస్తుంది? మన వైపు మాట మొదట్లో చ మారుతుంది గానీ సున్న తర్వాత నిలుస్తుంది. అందుకే మంచం, కంచం బొమ్మలు పెట్టండి. గుణింతం లేదు, ఒత్తు లేదు, పేరు పలికితే చ దానంతటదే వినబడుతుంది. ఈ రెండక్షరాలూ ఒకే వారంలో చెప్పకండి. స గట్టిపడ్డాకే చ.

మెళియాపుట్టి టీచర్:
ఇంట్లో సవర భాష మాట్లాడే గిరిజన పిల్లలకి ఈ లెక్క పనికిరాదు మాస్టారూ. వాళ్లకి "చేప" అన్న మాటే కొత్త. 1863లో మన పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు సవర నేర్చుకుని మరీ వాళ్ల భాషలో వాచకాలు రాశారు. తెలుగు మాట నోటికి వచ్చాకే తెలుగు అక్షరం చూపించాలి.

రాజాం టీచర్:
బొమ్మలు మార్చడం ఒప్పుకుంటాను. రాత సంగతి చెప్పండి.

టెక్కలి తెలుగు మాస్టారు:
గుణింతాలు, ఒత్తులు మొదలయ్యాక గోడమీద రెండు నిలువు వరసలు రాయండి. ఒకదాని కింద చలి, చీమ, చీర, చుక్క, చెట్టు. రెండోదాని కింద సంత, సబ్బు, సున్నం. రోజుకి 5 బొమ్మలిచ్చి, పేరు తమ పలుకులోనే చెప్పి ఏ వరస కిందకి వస్తుందో పెట్టమనండి. చెవి తేడా చెప్పనప్పుడు కంటికి అలవాటు చేయాలి. డిక్టేషన్‌కి మొదట ఈ మాటలే ఇవ్వండి, వరసలు మూయొద్దు. చూసి రాసినా ఫర్వాలేదు. వరసవైపు చూడటం తగ్గాక ఒక్కో మాటా చెరిపేయండి.

చదివేటప్పుడు పిల్ల "సేప" అంటే "అవును, చేప ఈదుతోంది" అని మీరు స్పష్టంగా పలికి తర్వాతి వాక్యానికి వెళ్లిపోండి. తిరిగి అనిపించొద్దు. పరీక్షించేవారికి మాత్రం మొదలుపెట్టకముందే చెప్పాలి, యాసని తప్పు కింద లెక్కెయ్యొద్దని.