‘దాపల’ అంటే దగ్గరా, ఎడమా?

ప్రశ్న: పోతన భాగవతం గజేంద్రమోక్షంలోని ‘అల వైకుంఠపురంబులో’ పద్యంలో ‘దాపల’కి మా గైడులో ‘సమీపంలో’ అని ఉంది. మా నాయనమ్మేమో ‘ఎడమ పక్క’ అంటోంది. పరీక్షలో ఏది రాయాలి?

జవాబు: నాయనమ్మ చెప్పిందే రాయండి.

నేను జనగామ వైపు ఒక చిన్న డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్తాను. మా డిపార్ట్‌మెంటంటే నేనూ, ఒక బీరువా. బీకాం, బీఎస్సీ పిల్లలకు తెలుగు సెకండ్ లాంగ్వేజీ కాబట్టి ల్యాబ్ సాగితే ముందు ఎగిరిపోయేది నా పీరియడే. ‘దాపు’ అంటే దగ్గరే కదా అని చాలా ఏళ్ళు నేనూ గైడు అర్థమే చెప్పాను.

ఒకసారి ఒకణ్ణి లేపి పద్యం చదవమన్నాను. ఇది మత్తేభం. పాదం ‘సౌధంబు దా’ దగ్గర తెగుతుంది, తర్వాతిది ‘పల మందార’ అని ఎత్తుకుంటుంది. వాడు ‘దా’ అని ఆగాడు, ఎవరినో రమ్మని పిలుస్తున్నట్టు. క్లాసంతా గొల్లుమంది. రెండు ముక్కలూ కలిపి బోర్డు మీద ‘దాపల = దగ్గర’ అని రాశాను. వెనక బెంచీలోంచి ఇంకొకడు, “సార్, దాపటెద్దు అంటం గద, గదేనా?” అన్నాడు. వాళ్ళింట్లో ఎడ్లున్నాయి. నాగలికి కడితే ఎడమ పక్కది దాపటెద్దు, కుడి పక్కది ఎలపటెద్దు. కోస్తా వాళ్ళయితే వలపటెద్దు అంటారు. డస్టరు తీసుకోక తప్పింది కాదు.

ఇంటికెళ్ళి నిఘంటువు తీస్తే ఎడమ పక్క అనే ఉంది. ‘డా’ అంటే ఎడమ. డాకాలు, డాచేయి పాత పద్యాల్లో చూసే ఉంటారు. ‘డిగు’ ‘దిగు’ అయినట్టే ‘డాపల’ ‘దాపల’ అయింది. దీనికి జోడీ ‘వలపల’, అంటే కుడి పక్క. వలకేలు (కుడిచెయ్యి)లో ఉన్న ‘వల’ అదే. జోడీ ఉన్న మాటని ఒంటరిగా చదవబట్టే ఈ తికమక.

మరొకరి ప్రశ్న: ప్రాస కోసం ‘దాపున’ని కవే ‘దాపల’ చేశాడేమో?

జవాబు: మంచి అనుమానమే. ప్రతి పాదంలో రెండో అక్షరం ‘ల’ రావాలి మరి. అల, పల, త్పల, హ్వల. అక్కడ ‘దాపున’ కుదరదు. కానీ ‘దాపల’ అనే మాట సిద్ధంగా ఉండగా పోతన ఇంకోదాన్ని వంచాల్సిన పనేముంది? పోతన అరక దున్నాడు కాబట్టి ఎద్దుల మాట తెలుసనే కథని మాత్రం నేను రుజువుగా తేను. రుజువు పద్యంలోనే ఉంది. ఊళ్ళో ఎవరైనా ఇల్లు చూపించే తీరు గమనించండి. అదిగో వైకుంఠపురం, అందులో నగరు, నగరులో ఆ పెద్ద మేడ, దానికి ఎడమ పక్క మందారవనం, వనంలో అమృతపు మడుగు, మడుగు ఒడ్డున చంద్రకాంతపు రాయి, రాతి మీద కలువల పాన్పు. వరసగా దారి చెప్తూ పోతున్నవాడు మేడ దగ్గరికొచ్చాక ‘పక్కనెక్కడో’ అంటే మనం ఎటు తిరగాలి? ఇంత నిలకడగా చోటు చూపించాడు కనుకనే, తర్వాతి పద్యంలో సిరికి కూడా చెప్పకుండా విష్ణువు లేచి బయల్దేరితే మనకి గుండె జల్లుమంటుంది.

మొదటి ప్రశ్నవారు: మరి గైడు అర్థం రాస్తే మార్కు పోతుందా?

జవాబు: నా చేతికొస్తే పోదు. అచ్చులో ఉన్నదాన్ని నమ్మారని పిల్లల్నేమంటాం! ‘ఆ మూల సౌధం’ అంటే మూలకున్న మేడ అని రాస్తే మాత్రం అర మార్కు కోస్తాను. అది ప్రధానమైన మేడ అని క్లాసులో మూడుసార్లు చెప్పాను మరి.