ఆన్‌లైన్ వ్యాయామ ప్రోగ్రామ్‌లు నిజంగా మనల్ని కదిలిస్తాయా?

కుర్చీవీరుడు:
నాకు 44. పొద్దున్నుంచి రాత్రిదాకా కూర్చునే పనే, రెండంతస్తులు ఎక్కితే ఆయాసం. వయసు, బరువు, ఖాళీ టైమ్ అన్నీ అడిగి మనకి సరిపోయే ప్లాన్ ఇచ్చే ప్రోగ్రామ్‌లో చేరదామనుకుంటున్నాను. పోయినసారి ఒక యాప్ మొదటిరోజే 10,000 అడుగులంది, నాలుగోరోజుకి తీసేశాను. ఎవరికైనా పనిచేసిందా?

మెట్లమనిషి:
ఆ 10,000 లెక్క డాక్టర్లు తేల్చింది కాదండీ, 1965లో జపాన్‌లో అమ్మిన అడుగుల మీటరు పేరులోంచి పుట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, అదీ ఒక్కో విడత కనీసం 10 నిమిషాలుండాలన్న పాత షరతు తీసేసి మరీ. మెసేజ్‌లో మన పేరు వేసినంత మాత్రాన అది మన ప్లాన్ అయిపోదు. నేను చేరినది మొదటి వారం ఏమీ చెయ్యమనలేదు, మామూలుగా ఎంత నడుస్తానో చూసింది, 2,300 అని తేలాక 2,800 చెయ్యమంది. జ్వరమొచ్చి వారం మానేస్తే లక్ష్యం తగ్గించింది, తిట్టలేదు. అందుకే ఇంకా ఉన్నాను.

నిద్రమొహం:
నాకు కుదర్లేదు. సరిగ్గా రాత్రి 9కి 'లేవండి, కదలండి' అని టింగుమంటుంది, అప్పుడే పిల్లాణ్ణి జోకొడుతుంటాను! టైమ్ మార్చుకునే వీలుందో లేదో ముందే చూసుకోండి.

మెట్లమనిషి:
ఇంకోటి, ఆయాసంతోపాటు ఛాతీలో బిగుతు కూడా ఉంటే ముందు డాక్టర్, తర్వాతే ప్రోగ్రామ్.

కుర్చీవీరుడు:
అదేం లేదండీ, ఉన్నదల్లా బద్ధకమే. ఈ వారం ఊరికే లెక్కపెట్టి చూస్తాను.