పొరపాటున ఎక్కువగా ఇచ్చిన నిరుద్యోగ భృతి వసూలుకు హద్దు లేదా?

ప్రశ్న: 2020లో అమెరికాలో ఉద్యోగం పోయినప్పుడు నాకు వారానికి 600 డాలర్ల అదనపు భృతి అందింది. దరఖాస్తులో నేనేమీ దాచలేదు. అయినా, అర్హత లెక్కలో పొరపాటు తమదేనని ఒప్పుకుంటూనే, మొత్తం తిరిగి కట్టమని కార్యాలయం ఉత్తరం పంపింది. ఎప్పుడో అద్దెకు ఖర్చయిపోయిన డబ్బును ఇప్పుడు ఎక్కడినుంచి తేవాలి?

జవాబు: గడువులోపు అప్పీలు చేయండి, మాఫీకి విడిగా అర్జీ పెట్టండి. లబ్ధిదారు తప్పు లేనప్పుడు, వసూలు న్యాయానికి విరుద్ధమైతే, రాష్ట్రాలు ఆ భృతిని మాఫీ చేయవచ్చని, కోవిడ్ సాయం కోసం 2020లో అమెరికా చేసిన కేర్స్ చట్టమే చెబుతోంది. ఉత్తరం వచ్చిన కవరును పారేయకండి. తపాలా ముద్ర మీది తేదీ ఉపయోగపడుతుంది.

మరో జవాబు: మాఫీ దొరకకపోయినా, తర్వాతి భృతిలో కోత ఒక్కో చెల్లింపులో సగానికి మించరాదని అదే చట్టం పరిమితి విధించింది. తప్పు ప్రభుత్వానిదైనప్పుడు ఆ సగం కోత కూడా అన్యాయమేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.