సమస్యాపూరణం: శిరమునఁ బెట్టఁడు, కిరీటశేఖరుఁ డితఁడే

పృచ్ఛకుడు: ఈ వారం అంశం స్వీడన్ రాజలాంఛనాలు. సమస్య, అంటే మీ పద్యం చివర రావలసిన కందపాదం:

"శిరమునఁ బెట్టఁడు కిరీటశేఖరుఁ డితఁడే"

రేఫ ప్రాస (ప్రతి పాదంలో రెండో అక్షరం ర), తొలి అక్షరం లఘువు. యతి (పాదం లోపలి అక్షరమైత్రి) శి–శే. రెండేసి పాదాలు కలిపి లెక్కిస్తే ఆరో గణం "కిరీట", జగణం (లఘువు, గురువు, లఘువు). కిరీటం తలకెక్కని కిరీటధారి ఎవరో తేల్చాలి.

కందప్రియ:
దొర వెండిగద్దె ప్రక్కన
పరుపున మకుటంబు నిలువఁ బ్రజలకుఁ బలికెన్
పెఱరాజులవలె మకుటము
శిరమునఁ బెట్టఁడు కిరీటశేఖరుఁ డితఁడే

పృచ్ఛకుడు: ఘట్టం సరిగ్గా పట్టారు. 1973 సెప్టెంబరు 19న స్వీడన్ రాజు పదహారో కార్ల్ గుస్తవ్ రాణి క్రిస్టీనా నాటి వెండి సింహాసనం దగ్గర ప్రసంగించాడు. రాజచిహ్నాలు అటూ ఇటూ మెత్తల మీదే ఉన్నాయి, ఆయన చేతికి ఇవ్వలేదు. రెండో పాదంలో ప–బ్ర యతి హాయిగా కుదిరింది.

మూడో పాదంలో రెండు చిక్కులు. "పెఱ"లో ఉన్నది బండి ఱ. దాన్ని సాధురేఫతో (మామూలు ర) ప్రాస కలపడం నియమం పాటించేవారు ఒప్పరు. అంతకన్నా పెద్దది అర్థదోషం: నార్వే, డెన్మార్క్ రాజులూ ఇప్పుడు కిరీటం పెట్టుకోరు, కాబట్టి ఆ పోలిక చెల్లదు. స్వీడన్‌లో పట్టాభిషేకం జరిగిన చివరి రాజు రెండో ఆస్కార్, 1873లో. తర్వాత 1907లో గద్దెనెక్కిన ఐదో గుస్తవ్ అది వద్దనుకున్నాడు. అక్కడి రాజకిరీటం 1561లో పద్నాలుగో ఎరిక్ కోసం చేయించింది. అందుకే "తరతరములదౌ మకుటము" అంటే ప్రాసా నిలుస్తుంది, చరిత్రా నిలుస్తుంది.

లాంఛనప్రియ:
ధరియించె మూఁడు డాలున
సరి యొకటియె పైన రెండు చాలునఁ గ్రిందన్
పురసౌధమందు నవియే
శిరమునఁ బెట్టఁడు కిరీటశేఖరుఁ డితఁడే

కందప్రియ: గణాలు సరే. కానీ డాలు తలకిందులైంది! స్వీడన్ రాజచిహ్నంలో నీలి డాలు మీద మూడు బంగారు కిరీటాలు, పైన రెండు, కింద ఒకటి. 1982 నాటి చట్టం వరుసను అలాగే చెబుతుంది. దిగువకు సన్నబడే డాలులో కింద రెండు ఇరికిస్తే బొమ్మలు చిన్నవైపోతాయి, దూరానికి ఆనవు.

లాంఛనప్రియ: నిజమే. సవరణ: "సరి రెండును పైన నొకటి చక్కఁగఁ గ్రిందన్".

పృచ్ఛకుడు: స–చ యతి, ఆరో గణం నలం (నాలుగు లఘువులు). బాగుంది. ఒక్క మాట: డాలులోని మూడూ పైకప్పు లేని కిరీటాలు. డాలు నెత్తిన ఉండే రాజకిరీటం వేరు, దానికి కమానులుంటాయి. రెంటినీ ఒకేలా గీస్తే తప్పు. స్టాక్‌హోమ్ పురభవనం గోపురం కొసనున్నవీ ఆ మూడే.

నవపూరకుడు:
దొరకిన యువరాజు పదవి
మరలెను విక్టోరియకును మారఁగఁ జట్టం
బరయఁగఁ గార్ల్ ఫిలిపుఁ డిఁకన్
శిరమునఁ బెట్టఁడు కిరీటశేఖరుఁ డితఁడే

లాంఛనప్రియ: దారి కొత్తగా ఉంది. 1979 మే 13న పుట్టినప్పుడు రాజు కొడుకు కార్ల్ ఫిలిప్ యువరాజే. 1980 జనవరి 1న, ఆడామగా తేడా లేకుండా తొలిచూలుకే వారసత్వమనే సవరణ అమలై, పదవి అక్క విక్టోరియాకు వెళ్లింది. ఆయన వెర్మ్‌లాండ్ డ్యూక్‌గా మిగిలాడు. "అరయఁగ" మాత్రం ఊతపదం.

నవపూరకుడు: "కిరీటశేఖరుఁడు" రాజు కాని వాడికి చెల్లుతుందా అండీ?

పృచ్ఛకుడు: చెల్లుతుంది. స్వీడిష్‌లో యువరాజును "క్రోన్‌ప్రిన్స్" అంటారు, ఆ "క్రోన్" కిరీటమే. సమస్యలోని మాటను రాజు నుంచి తప్పించి బిరుదు మీదికి తిప్పారు. ఈ వారం నా ఓటు దీనికే, "అరయఁగ"కు బదులు బరువున్న మాట ఒకటి దొరికితే.

నవపూరకుడు: "బరుదుగఁ గార్ల్ ఫిలిపుఁ డిఁకన్".

పృచ్ఛకుడు: చట్టంబు + అరుదుగ. కుదిరింది.