అప్‌డేట్: తడి ట్రాక్ మీద కారు కంట్రోల్ ప్రాక్టీస్ చేశాను

కారు కంట్రోల్ రావాలంటే వేగంగా నడపాల్సిందేనా, అదెక్కడ నేర్చుకోవాలి అని ఇదివరకు అడిగాను. మీలో చాలామంది రోడ్డు మీద వద్దు, కారు జారితే ఎలా అదుపు చేయాలో ప్రాక్టీస్ చేసే తడి ట్రాక్, అంటే స్కిడ్‌ప్యాడ్‌కి వెళ్లమన్నారు. వెళ్లొచ్చాను.

నీళ్లు పోసిన నున్నటి నేల మీద అంత వేగం కూడా అక్కర్లేదు, 40లోనే కారు జారిపోతుంది. ముందు చక్రాలు పట్టు వదిలితే స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోతుంది; ఎంత తిప్పినా కారు తిన్నగానే పోతుంది. ఇంకా తిప్పేయాలని చేతులు ఉబలాటపడతాయి. కానీ యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తీసి, స్టీరింగ్ కాస్త వెనక్కి వదిలితే బరువు ముందుకొచ్చి టైర్లు మళ్లీ పట్టుకుంటాయి. వెనక భాగం జారితే మాత్రం చూపు మనం వెళ్లాల్సిన వైపే ఉండాలి, చేతులు దాన్నే అనుసరిస్తాయి. ఇది ఎంత చదివినా రాదు, సీట్లో కూర్చున్న నడుముకి తెలియాలి.

ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) పనిచేసేటప్పుడు పెడల్ కాలి కింద టకటకా కొట్టుకుంటుంది. అప్పుడు కాలు తీయకూడదు, ఇంకా గట్టిగా తొక్కి ఉంచాలి. వేగం రెట్టింపైతే బ్రేకింగ్ దూరం దాదాపు నాలుగు రెట్లు. లెక్క తెలిసిందే, అయినా 80లో బ్రేక్ కొట్టి కోన్‌లు దాటి ఎంత దూరం పోయానో చూశాక టెన్షన్ వచ్చింది.

డ్రిఫ్టింగ్ (కావాలనే కారుని పక్కకి జారిస్తూ నడపడం) సంగతి అడిగినవాళ్లకు: ఆ జోలికి ఇంకా పోలేదు. స్టెబిలిటీ కంట్రోల్ (కారు జారుతుంటే తనంతట తానే సరిచేసే వ్యవస్థ) ఆపేసి నడిపే సెషన్ అయ్యాక రాస్తాను.